ఎంప్టీల లెక్క

పోలీసు శాఖలో తుపాకీ భుజానికి తగిలించుకున్నవాళ్లు అందరికీ కనిపిస్తారు. ఆ తుపాకీని విప్పి తుడిచి, అరిగిన స్ప్రింగు మార్చి, తూటాలు లెక్కపెట్టి రిజిస్టరులో రాసి, రాత్రికి తాళం వేసే మనిషి కనిపించడు. అతన్ని ఆర్మరర్ అంటారు. నేను ఆ పని చేసి రిటైరైనవాణ్ణి. సొంతూరు యాడికి. ఉద్యోగంలో ఎక్కువ కాలం అనంతపురం ఆర్మ్‌డ్ రిజర్వు ఆయుధాగారంలో గడిచింది. మావాళ్లు దాన్ని ఇప్పటికీ తెల్లదొరల నాటి పేరుతోనే 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటారు.

ఊరికొచ్చి స్థిరపడ్డాక కుర్రవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వాళ్లు ఫోన్లో అమెరికావాళ్ల వీడియోలు చూస్తారు. కారు షెడ్డులో ఒక బల్ల, దాని మీద చేత్తో నొక్కే చిన్న ప్రెస్సు, పక్కన త్రాసు, డబ్బాల్లో ఇత్తడి గుల్లలు. పేల్చిన తూటాల ఖాళీ గుల్లల్ని ఏరుకొచ్చి, మళ్లీ మందు నింపి, కొత్త గుండు బిగించి వాడుకుంటారు. దాన్నే రీలోడింగ్ అంటారు. అక్కడ అది తీరిక వేళ చేసుకునే పని. మా వీధిలో మగ్గం నేసేవాళ్ల అబ్బాయి, ఇంజనీరింగు చదివినవాడు, ఒక సాయంత్రం వచ్చి అడిగాడు.

"మామా, నువ్వు అన్నేండ్లు తూటాలతోనే ఉంటివి గదా. ఇది నేర్చుకోవాలంటే యాడ మొదలుపెట్టల్ల?"

వాడిది దురుద్దేశం కాదు. చేత్తో చేసే పని మీద, కొలత మీద ఇష్టం. ఆ ఇష్టమే నన్నూ ఈ పనిలోకి లాగింది. అందుకే కసిరి పంపకుండా కూర్చోబెట్టి చెప్పాను. అప్పుడు చెప్పినదాన్ని ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను.

ముందు తూటా అంటే ఏమిటో తెలియాలి. సినిమాలో తగిలేది గుండు మాత్రమే. చేతిలో పట్టుకునే తూటాలో నాలుగు వస్తువులుంటాయి. గుల్ల, దాని అడుగున క్యాపు, లోపల మందు, మూతి దగ్గర గుండు. పిన్ను తగిలితే క్యాపు నిప్పు రవ్వ విసురుతుంది, మందు అంటుకుని వాయువవుతుంది, ఆ వాయువు గుండును తోస్తుంది. ఇందులో మూడు ఆ క్షణంలోనే ఖర్చైపోతాయి. మిగిలేది గుల్ల ఒక్కటే. గుల్ల పని చాలామందికి తెలియదు. అది మందు పెట్టుకునే డబ్బా మాత్రమే కాదు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుంటుంది. అందువల్ల వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు రాదు. ఒత్తిడి తగ్గగానే అదే ఇత్తడి కొంచెం ముడుచుకుంటుంది, బయటికి లాగడానికి వీలవుతుంది. డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు కలిపిన ఇత్తడికి ఆ సాగే గుణం, తిరిగి ముడుచుకునే గుణం రెండూ ఉన్నాయి కాబట్టే నూట యాభై ఏళ్లుగా దాన్ని వదిలిపెట్టలేదు.

అయితే ప్రతిసారీ సాగిన లోహం ఎన్నాళ్లు సాగుతుంది? రీలోడింగ్ ప్రశ్నంతా అక్కడే మొదలవుతుంది. నా చేతుల్లోంచి పోయిన ఖాళీ గుల్లలకు అంతు లేదు. మేము వాటిని ఎంప్టీలు అంటాం. ఎంప్టీ చూస్తే తుపాకీ ఆరోగ్యం తెలుస్తుంది. పాత .303 రైఫిళ్ల గుల్లల్లో అడుగుకు కాస్త పైన సన్నగా మెరిసే గీత ఒకటి కనిపించేది. ఆ గీత దగ్గర లోహం లోపల పలచబడి ఉంటుంది. ఇంకోసారి పేలిస్తే అక్కడే తెగి, అడుగు భాగం బయటికొచ్చి పైభాగం గొట్టంలోనే ఉండిపోతుంది. కొన్నిసార్లు కొత్త తూటాకే, మొదటిసారికే అలా తెగేది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్లో బోల్టుకు ఆనిక వెనకవైపు ఉంటుంది. పేలినప్పుడు అది రవ్వంత వెనక్కి సాగితే గుల్లా దాంతోపాటు సాగుతుంది. తెగిన ముక్కను బయటికి తీయడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉండేది. ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదని, ఫైరింగ్‌కు పోయిన ప్రతిసారీ దాన్ని జేబులో వేసుకుని పోయేవాణ్ణి. అలాంటి గీత పడిన గుల్లను పక్కన పడెయ్యడమే రీలోడింగ్‌లో మొదటి పాఠం. వీడియోల్లో అది కనిపించదు. గుల్లల్ని ఒక్కొక్కటిగా వెలుగులో తిప్పి చూసే గంటల్ని ఎవరూ వీడియోలో పెట్టరు.

తర్వాతిది క్యాపు. 1860ల్లో దీనికి రెండు పద్ధతులు వచ్చాయి. ఒకటి ఎడ్వర్డ్ బాక్సర్ అనే ఆంగ్లేయుడిది, రెండోది హైరమ్ బెర్డాన్ అనే అమెరికన్‌ది. బాక్సర్ పద్ధతిలో గుల్ల అడుగున సరిగ్గా మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. లోపలి నుంచి సూదిలాంటి కడ్డీతో పొడిస్తే పాత క్యాపు ఊడి పడుతుంది. బెర్డాన్ పద్ధతిలో మధ్యలో ఇత్తడి బొడిపె, దానికి అటూ ఇటూ రెండు సన్న రంధ్రాలు. కడ్డీ పెట్టి పొడిస్తే బొడిపెకు తగులుతుంది. అంటే ఆ గుల్లను మళ్లీ నింపడం చాలా కష్టం. ఆంగ్లేయుడి పద్ధతి అమెరికాలో స్థిరపడితే, అమెరికన్ పద్ధతి యూరప్ సైన్యాల్లో స్థిరపడింది. మన .303, మన 7.62 గుల్లలు బెర్డాన్ రకమే. అమెరికాలో రీలోడింగ్ ఇంటి పని అయింది, ఇక్కడ కాలేదంటే చట్టం ఒక కారణం. ఈ చిన్న బొడిపె ఇంకో కారణం.

మన గుల్లల అడుగున 'కె.ఎఫ్.' అని రెండు అక్షరాలు, సంవత్సరం అంకెలు కొట్టి ఉంటాయి. కిర్కీ ఫ్యాక్టరీ, అంటే పూనా దగ్గరి ఖడ్కీలో 1869లో పెట్టిన తూటాల కర్మాగారం. 'ఓ.ఎఫ్.వి.' అని ఉంటే మహారాష్ట్రలోనే ఉన్న వరణ్‌గావ్ కర్మాగారానిది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలు చేసినప్పుడు తూటాల కర్మాగారాలు మ్యూనిషన్స్ ఇండియా కిందికి వెళ్లాయి. రైతుల పన్నెండు బోరు తుపాకులకు దుకాణంలో దొరికే 'శక్తిమాన్ ఎక్స్‌ప్రెస్' తూటాలూ ఖడ్కీవే. అడుగు మీది ఆ అక్షరాలకు ఒక విలువ ఉంది. ఏ సంవత్సరం, ఏ లాటు అన్నది ఫ్యాక్టరీలో రాసి ఉంటుంది. ఒక లాటులో క్యాపులు పేలకపోతే ఆ లాటు మొత్తాన్ని వెనక్కి పిలవగలరు. ఇంట్లో నింపిన తూటాకు అలా వెనక్కి పిలిచేవాడు ఎవరూ లేరు. నింపినవాడే ఫ్యాక్టరీ, వాడే పరీక్షించేవాడు, పేలేటప్పుడు గొట్టం వెనక ఉండే ముఖం కూడా వాడిదే.

ఇక మందు. ఈ సంగతి మా ఊళ్లో మరీ గట్టిగా చెప్పాలి. యాడికి చుట్టూ సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు, గనులు, నాపరాతి క్వారీలు. భూమి లోపలి నుంచి గుబుక్కున వచ్చే చప్పుడుకు ఇక్కడ ఎవరూ తలెత్తి చూడరు. వెనకటికి కరువు కాలంలో బావులు తవ్వినప్పుడు రాతిలో తూటాలు పెట్టి పగలగొట్టినవాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. అందుకని మందు అంటే అంతా ఒకటేననే నమ్మకం ఇక్కడి గాలిలోనే ఉంది. కాదు. క్వారీలో వాడేది బద్దలు కొట్టే మందు. అది మండదు, విస్ఫోటిస్తుంది. ఆ అల రాతిలోంచి సెకనుకు కొన్ని వేల మీటర్ల వేగంతో పోతుంది. తుపాకీ మందు మండేది మాత్రమే. గొట్టంలో గుండు కదులుతున్నంతసేపూ ఒక క్రమంలో మండి, తోస్తూ పోవాలి. మొదటిదాన్ని తుపాకీలో వేస్తే అది గుండును తోయదు, గొట్టాన్ని చీలుస్తుంది. కేసుల్లో పట్టుబడి మా దగ్గర పరీక్షకు వచ్చిన నాటు తుపాకుల్లో గొట్టం అరటితొక్కలా విచ్చుకున్నవి చూశాను. వాటిని పట్టుకున్న చెయ్యి ఏమైందో కేసు కాగితాల్లో ఉండేది.

తుపాకీ మందులోనూ తేడాలు తక్కువ కావు. నల్లమందు పొగ కక్కుతుంది, గొట్టంలో మసి కడుతుంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియ్యే పొగరాని మందు చేశాడు. దాని తర్వాత ఆంగ్లేయులు దారాల్లాగా ఉండే కార్డైటు చేసి .303లో వేశారు. దాన్ని ఇక్కడే చేసుకోవాలని నీలగిరుల్లో అరువంగాడు దగ్గర ఫ్యాక్టరీ పెట్టారు. పొగరాని మందు నల్లమందు కంటే ఎన్నో రెట్లు బలమైనది. దాని లోపల కూడా పిస్తోలుకు వాడే రకం గబుక్కున మండుతుంది, రైఫిలుకు వాడే రకం నిదానంగా మండుతుంది. చూడ్డానికి రెండూ బూడిదరంగు పొడే. కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పగలిగిన మనిషిని నా సర్వీసులో చూడలేదు, నేనూ చెప్పలేను. అందుకే అమెరికాలో ఈ పని శ్రద్ధగా చేసేవాళ్లు బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉంచుతారు. పని అయ్యాక మిగిలిన పొడిని అదే డబ్బాలో పోసి మూత పెట్టాకే ఇంకోదాన్ని ముట్టుకుంటారు. ఏ డబ్బాలోదో గుర్తులేని పొడిని పారేస్తారు.

తూచడం గ్రెయిన్లలో. ఏడువేల గ్రెయిన్లయితే ఒక పౌను. అంటే గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. రీలోడింగ్ పుస్తకంలో ఏ గుండుకు, ఏ మందు, ఎన్ని గ్రెయిన్లు అని రాసి ఉంటుంది. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. కొత్తవాడు కనిష్ఠంతో మొదలుపెట్టి, పేల్చిన ప్రతి గుల్లనూ చూసుకుంటూ కొద్దికొద్దిగా పైకి పోవాలి. క్యాపు అంచులు చదునుగా అణిగిపోయినా, బోల్టు ఎత్తడం బిగుతుగా అనిపించినా ఒత్తిడి హద్దు దాటుతోందని అర్థం. ఈ లెక్కకు ఎండ కూడా తోడవుతుంది. మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మూసిన జీపులో తూటాల పెట్టె పెట్టి వదిలేయొద్దని నేను కానిస్టేబుళ్లతో పోట్లాడేది అందుకే. చలిదేశంలో రాసిన పుస్తకంలోని గరిష్ఠం మన ఎండలో గరిష్ఠంగా ఉండదు.

ఈ పనిలో జరిగే ప్రమాదాలు ముఖ్యంగా రెండు. పిస్తోలు గుల్లలో మందు సగానికి కూడా రాదు. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్లి వచ్చి, అదే గుల్లలో మళ్లీ పోస్తే పడుతుంది. పైన గుండు బిగించాక తెలియదు. అది పేలితే తుపాకీ ఉండదు. రెండోది దీనికి వ్యతిరేకం. మందు పోయడం మరిచిపోవడం. క్యాపు ఒక్కటే పేలి, 'టప్' అని చిన్న చప్పుడుతో గుండును గొట్టం మధ్యదాకా తోసి ఆగిపోతుంది. కాల్చేవాడు పేలలేదనుకుని ఇంకోటి ఎక్కించి ట్రిగ్గర్ నొక్కుతాడు. ముందున్న గుండు దారిలో అడ్డం ఉంటుంది. గొట్టం అక్కడ చీలుతుంది. అందుకే రేంజిలో చప్పుడు తేడాగా వినిపిస్తే, ఎవరు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ఆపించి గొట్టంలోంచి వెలుగు చూసేవాణ్ణి.

ఒకటికి రెండుసార్లు నింపడం చాలా పాత ప్రమాదం. మా పక్క పల్లెల్లో పంటకాపలాకు లైసెన్సు ఉన్న మూతి తుపాకులు కొన్ని ఉండేవి. నోటి వైపు నుంచి మందు పోసి, పీచు కుక్కి, రవ్వలు వేసి, మళ్లీ పీచు కుక్కి, వెనక చెవి మీద క్యాపు పెట్టాలి. ఒక్కో దెబ్బకు తూటా మొత్తం గొట్టంలోనే తయారు చేసుకోవడమన్నమాట. పందులు వేరుశనగ చేలో పడిన రాత్రి, చీకట్లో, నిద్రమత్తులో ఈ పని చేస్తారు. నింపిన తుపాకీని గుడిసెలో వేలాడదీసి మరిచిపోతారు. ఇంకో రాత్రి కొడుకు వచ్చి, తండ్రి నింపింది తెలియక మళ్లీ నింపుతాడు. ఎన్నికలప్పుడు నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయాలి కదా. అప్పుడు వచ్చిన ప్రతి మూతి తుపాకీలో నేను మొదట కడ్డీ దింపి చూసేవాణ్ణి. కడ్డీ బయట ఎంత మిగిలిందో చూస్తే లోపల ఏమైనా ఉందో లేదో తెలుస్తుంది. 1863లో అమెరికాలో గెటిస్‌బర్గ్ యుద్ధం అయ్యాక మైదానంలో ఏరిన దాదాపు 27 వేల తుపాకుల్లో 24 వేలు నింపినవేనని, వాటిలో సగందాకా రెండుసార్లు నింపినవని, ఒకదాంట్లో ఏకంగా 23 తూటాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని లెక్క తేలింది. వాళ్లు శిక్షణ పొందిన సిపాయిలు. భయం, చప్పుడు, తొందర మనిషికి లెక్క మరిపిస్తాయి. ఇంట్లో బల్ల దగ్గర ఫోను మోగినా అంతే.

జమకు వచ్చిన తుపాకుల గురించి ఇంకో మాట. చాలామంది రైతులు ప్రేమ కొద్దీ వంటనూనె రాసి తెచ్చేవాళ్లు. శనగనూనె ఎండకు జిగురై, పిన్ను కదలకుండా పట్టేస్తుంది. తుపాకీకి ఖనిజ తైలమే రాయాలి. పాత .303 తూటాలు కాలిస్తే మాత్రం నూనె చాలదు. వాటి క్యాపులో ఉండే రసాయనం కాలి ఉప్పుగా మిగిలి, గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరాక పుల్‌త్రూ తాడుతో గుడ్డ లాగి, అప్పుడు నూనె రాసేవాళ్లం. తుపాకీలో నీళ్లు పోస్తున్నానని కొత్త కానిస్టేబుళ్లు హడలిపోయేవాళ్లు.

ఇప్పుడు లెక్క దగ్గరికి వస్తాను. నా ఉద్యోగంలో అసలు పని అదే. ఏటేటా ఫైరింగ్ ప్రాక్టీసు ఉంటుంది. తూటాలు ఇచ్చేటప్పుడు సంతకం, వాడాక ఎంప్టీలు తీసుకునేటప్పుడు ఇంకో సంతకం. ఇచ్చిన తూటాలెన్నో, వెనక్కి వచ్చిన ఎంప్టీలు, పేలని తూటాలు కలిపి అన్నే ఉండాలి. పేలని తూటా ఉంటే తుపాకీ మూతి గురి వైపే ఉంచి ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. అర నిమిషమైనా ఆగాకే బోల్టు తెరవాలి. ఆ తూటాను విడిగా పెట్టెలో వేసి రాసుకోవాలి. ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ గుల్లను కుడివైపు బాగా దూరంగా విసిరేస్తుంది. పల్లేరు కంపల్లోనో, రాళ్ల సందులోనో పడుతుంది. ఒక్క ఎంప్టీ తగ్గినా పార్టీ మొత్తం వరసగా వంగి నడుస్తూ వెతకాల్సిందే. లారీ బయల్దేరదు, అన్నం ఉండదు. నన్ను తిట్టుకున్నవాళ్లు ఎందరో. ఒక ఇత్తడి గుల్ల కోసం ఇంత రచ్చా అనేవాళ్లు. కాల్చని తూటాను కాల్చానని చెప్పి దాచుకుంటే అది ఎక్కడికి చేరుతుందో, మన సీమలో పుట్టినవాడికి నేను విడిగా చెప్పాల్సిన పనిలేదు. పక్షాల పగలతో పల్లెలు పాడైన ప్రాంతం ఇది. ఖాళీ గుల్ల పోయినా భయమే. నింపగలిగినవాడి చేతికి చేరితే అది మళ్లీ తూటా. పైగా దాని మీద మా తుపాకీ ఎక్స్‌ట్రాక్టరు గోకిన గుర్తు అలాగే ఉంటుంది. రేపు ఎక్కడో నేరస్థలంలో ఆ గుల్ల దొరికితే నిపుణుడి సూక్ష్మదర్శిని కింద రెండు తుపాకుల గుర్తులు కనిపిస్తాయి. ఒకటి నేరగాడిది, ఒకటి సర్కారుది.

కుర్రవాడు ఇదంతా విని, "మరి ఇంట్లో లెక్కగా, జాగ్రత్తగా చేసుకుంటే ఏం తప్పు మామా?" అన్నాడు.

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో అమ్యునిషన్ అంటే నిండు తూటా మాత్రమే కాదు. తూటా భాగాలు, తుపాకీలో వేసే మందు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అంటే వీడియోలో కనిపించే ఆ ప్రెస్సు కూడా మన చట్టం కళ్లకు అమ్యునిషనే. అయిదో సెక్షన్ ప్రకారం తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు ఉన్నవాడికి తూటాలు కొనుక్కునే అనుమతి ఉంటుంది, ఎన్ని కొనవచ్చో అందులోనే ఉంటుంది. తయారు చేసుకోవడానికి అది అనుమతి కాదు. 2019లో చట్టం సవరించాక లైసెన్సు లేని తయారీకి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించిందీ ఆ సవరణే. జ్ఞాపకంగా దాచుకున్న ఒక పాత ఖాళీ గుల్ల సంగతి వేరు. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు నలభై అయిదో సెక్షన్లో మినహాయింపు ఉంది. రీలోడింగ్ చేసేవాడి ఉద్దేశమే మిగతా భాగాలతో కలపడం. కాబట్టి ఆ మినహాయింపు అతనికి నీడ ఇవ్వదు.

ఈ చట్టం కఠినంగా ఉందని బాధపడేవాళ్లు ఉన్నారు. పోటీల్లో కాల్చేవాళ్లకు తూటాల ఖరీదు, కొరత నిజమైన కష్టాలే. అమెరికాలో ఈ అలవాటు పెరిగిందీ ఖర్చు తగ్గించుకోవడానికి, ప్రతి తూటా ఒకే తీరుగా ఉండాలనే పట్టుదల వల్లా. 1943లో కాలిఫోర్నియాలో మొదలైన ఆర్.సి.బి.ఎస్. లాంటి కంపెనీలు ఆ పట్టుదల మీదే బతికాయి. దాన్ని నేను గౌరవిస్తాను. అయినా మన ప్రాంతాన్ని చూసి, ఇన్నేళ్లు ఎంప్టీలు లెక్కపెట్టిన అనుభవంతో చెబుతున్నాను. తూటా నింపడం ఇక్కడ ఇంటి పని కాకూడదు. నింపే నేర్పు తక్కువై ఈ మాట అనడం లేదు. ప్రతి గుల్లకూ జవాబు చెప్పే ఏర్పాటు ఇంట్లో ఉండదు కాబట్టి అంటున్నాను.

మరి కొలత మీద, గురి మీద ఇష్టం ఉన్న పిల్లవాడు ఏం చేయాలి? దారులున్నాయి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరాలి. అక్కడ .22 రైఫిలు చేతికిస్తారు, పక్కన నిలబడి నేర్పిస్తారు, తూటా లెక్క రాయిస్తారు. లేదంటే ఎయిర్ రైఫిల్. 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల శక్తి దాటనిదానికి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీలో కాగితం మీద నడిమి చుక్క అడ్డం అర మిల్లీమీటరే. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ దాన్ని తాకితే పది పాయింట్లు. ఊపిరి, గుండె చప్పుడు, వేలి ఒత్తిడి అన్నీ ఆ చుక్క ముందు పరీక్షకు నిలబడతాయి. హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పది మీటర్ల రైఫిల్‌లోనే కంచు పతకం తెచ్చాడు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్తోలుతో పతకాలు గెలిచింది. కొలత పిచ్చి ఉన్నవాడికి పెల్లెట్లను తూచి, ఒకే బరువున్నవి ఏరుకునే పని కూడా అక్కడ ఉంది. మందు లేదు, కేసు లేదు, పాఠం మాత్రం అదే. సీసం తాకిన చేతుల్ని సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టుకోవాలన్న నియమంతో సహా. మా వీధి అబ్బాయికి నేను చెప్పిన దారి ఇదే.

ఇది చదివే యాడికివాళ్లకు, చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఒక విన్నపం. తాతల నాటి తుపాకీ లైసెన్సు పోయినా, వాళ్లు దాచిన తూటాలు, మందు డబ్బా, క్యాపుల డబ్బా కొన్ని ఇళ్లలో అటక మీద ఇంకా ఉన్నాయి. వాటిని విప్పి చూడొద్దు. పొయ్యిలో వేయొద్దు, బావిలో పారేయొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెట్టెను కదిలించకుండా ముందు స్టేషన్‌కు వెళ్లి చెప్పండి. లైసెన్సుదారు చనిపోయాక వాటిని పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని చట్టంలోనే ఉంది. జమ చేసి, రసీదు అడిగి తీసుకోండి.